తురైఫ్ చలికాలంలోకి మూడు విసనకర్రలు

మా చిన్నప్పుడు... డిసెంబర్ నెలలో, మూడు విసనకర్రలు పట్టుకుని తురైఫ్‌లో దిగాం మేము.

నవ్వకండి. సౌదీ అంటే ఎండ అని కడపలో అందరూ చెప్పారు. అమ్మ ట్రంకు పెట్టెలో సబ్జా గింజలు, మట్టి కూజా, పల్చటి నూలు బట్టలు. ఉన్ని గుడ్డ ఒక్కటి లేదు. అంతకు ముందు రియాద్ దగ్గర పనిచేసిన నాయన ఆ ఊరి లారీల షెడ్డులో మెకానిక్‌గా చేరింది ఆ ఏడు ఎండాకాలంలోనే. ఉత్తరాన, జోర్డాన్ సరిహద్దు దగ్గర, చలికి నీళ్లు గడ్డకడతాయని ఆయనకూ తెలియదు.

మొదటి పొద్దున... తీగ మీద ఆరేసిన తమ్ముడి చొక్కా అట్టలా బిగుసుకుపోయి ఉంది. కొళాయి తిప్పితే చుక్క రాలేదు. అమ్మ కిరసనాయిలు పొయ్యి మీద కూజాలో మిగిలిన నీళ్లు కాచింది. వాటితోనే ముఖం, కాళ్లు చేతులు కడిగి వజూ చేసుకుని అందరం ఒకే చాప మీద ఫజర్ నమాజు చదివాం. సజ్దాలో నుదురు నేలకు ఆనితే జివ్వుమంది.

ఆ చలి నాకు నచ్చింది. చెబితే ఎవరూ నమ్మలేదు.

కష్టం తమ్ముడితో వచ్చింది. ఖాసీంకు అప్పుడు నాలుగేళ్లు. దగ్గు పట్టుకుంది. డాక్టరు మందిచ్చి, ఒళ్లు వెచ్చగా ఉంచమన్నాడు. ఈ సంగతి రియాద్‌లో, మలాజ్ పేటలో ఉండే మా మేనమామ చెవిన పడింది. రెండు రోజులు కారు నడుపుకుంటూ వచ్చేశాడు.

గుమ్మంలోనే అందుకున్నాడు.

"ఏమ్మే, పిల్లోళ్లను చంపుకుంటావా ఏంది? సామాను సర్దు. పాస్‌పోర్టుల మీద ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపిస్తా. బావ ఒక్కడే ఉంటాడులే."

నాయన తల వంచుకున్నాడు. ఖాసీం కడుపులో ఉండగా సౌదీకి పోయిన నాయనను ఐదేళ్లు ఉత్తరాల్లోనే చూశాను నేను. మళ్లీ ఉత్తరాలేనా...

అమ్మ గొంతు పెంచలేదు. "పోయేదుంటే ఎండాకాలంలో పోతాలే, అన్నా. దూది ఏకే ఇంట్లో పుట్టి, చలికి భయపడి పారిపోయొచ్చినా అని మన నాయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

అవును, మాది దూదేకుల ఇల్లు. అమ్మ వాళ్ల నాయన భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టినవాడు. మామ చిన్నతనమంతా ఆయన వెంటే. రియాద్‌లో డ్రైవరయ్యాక మాత్రం ఆ ఊసెత్తేవాడు కాదు.

మా ఇంట్లో ముందున్నవాళ్లు వదిలేసి పోయిన పాత పరుపు ఒకటుండేది... రాయిలా. అమ్మ దాన్ని విప్పి, గదిలో దూది కుప్ప పోసి, రెండు కట్టెలతో కొట్టడం మొదలుపెట్టింది. మామ గోడకానుకుని టీ తాగుతూ చూశాడు. కాసేపు ఓర్చుకున్నాడు.

"అట్లనా కొట్టేది? గడ్డలు గడ్డలుగానే ఉండాయి."

"నాకు వచ్చింది ఇంతే."

"నాయన చూసింటే చెప్పు తీసుకునేవాడు."

"ఆయన యాడో కడపలో ఉండాడు. చూస్తాండేది నువ్వు."

మామ గ్లాసు కింద పెట్టాడు. షెడ్డు నుంచి ఇనుప తీగ, వంగే కర్ర ఒకటి తెప్పించాడు. మధ్యాహ్నానికి వంకర టింకర విల్లు ఒకటి తయారైంది. టంగ్... టంగ్... గదంతా దూది లేచింది. మామ మీసం తెల్లబడిపోయింది. "మామ ముసలోడైపోయినాడు!" అని ఖాసీం పకపకా నవ్వాడు. నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు.

అమ్మ పాత చీరలు రెండు బొంతకు పైగుడ్డలయ్యాయి. దబ్బనం పట్టుకుని టాకాలు వేసింది కూడా మామే. అమ్మ కుట్టు ఆయనకు నచ్చలేదట.

మూడో రోజు పొద్దున మామ ఒక్కడే కారెక్కాడు. సామాను సర్దమన్న మాట మళ్లీ రాలేదు. "వచ్చే చలికాలం చూస్తా మీ సంగతి" అన్నాడు. "రాన్నా, నీకూ ఒకటి కుడదాం" అంది అమ్మ.

ఖాసీం దగ్గు తగ్గడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ వాడు బొంతలోంచి బయటకు రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత అడిగాను... "దూదేకులింటి బిడ్డవు, నీకు దూది కొట్టడం రాకపోవడమేందమ్మా?" అమ్మ తస్బీ పూసలు తిప్పుతూనే చెప్పింది. "బాగా కొట్టింటే మీ మామ టీ తాగి, మనల్ని కారెక్కించేవాడు."

ఆ చలి చివర్లో ఉరుములతో వాన పడింది. ఎడారి పచ్చబడింది. పక్కింటి సౌదీ ఆడవాళ్లు మమ్మల్ని తీసుకుపోయి, ఇసుకలోంచి ఫగా అనే పుట్టగొడుగు తవ్వడం నేర్పారు. చూడటానికి ఉర్లగడ్డలా, అంటే బంగాళాదుంపలా ఉంటుంది. అమ్మ కారం దంచి కూర చేసింది. విసనకర్రలూ వృథా పోలేదు. వాకిట్లో బొగ్గుల కుంపటి రాజేయడానికి ఏళ్ల తరబడి పనికొచ్చాయి.

పెళ్లయ్యాక మా ఆయనకూ ఇక్కడే పని దొరికింది. నాకు యాభై దాటాయి. ఆ చలిలో ఏముంది అని అడగని చుట్టం లేదు. ఏముందో వాళ్లకు చెప్పడం మానేశాను.

ఇప్పుడు ఇంటింటా కరెంటు హీటర్లు. అంగట్లో మెత్తటి చైనా కంబళ్లు. విల్లు చప్పుడు మాత్రం కడపలోనూ వినపడటం లేదట...

నిన్న ఫజర్ అయ్యాక ఆ బొంత పరిచి చూశాను. దూది మళ్లీ గడ్డలు కట్టింది. విప్పుతుండగా ఖాసీం ఫోను. వాడూ ఇప్పుడు మలాజ్‌లోనే ఉంటాడు.

"ఇంకెన్నాళ్లక్కా ఆ చలిలో? ఈ తూరి కారేసుకుని వచ్చి తీసుకొచ్చేస్తా నిన్ను."

"రా నాయనా. బొంత విప్పినా. దూది కొట్టడం నాకు సరిగ్గా రావడం లేదు."

అటువైపు నవ్వు. "మామను చేసినట్టే నన్నూ చేస్తాండావే! కట్టెలుండాయా, తేవల్లనా?"

"కట్టెలుండాయి. నువ్వు మీసం పెంచుకుని రా."

మీ ఇంట్లో బొంత ఎవరు కుట్టేవారు? ఏ చీరతో? రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను. చలికాలం ఇక్కడ పొడుగు... నేనెక్కడికీ పోవడం లేదు.