అడిగి ఊరుకోవే

నిన్న మా అమ్మాయికి జుట్టు కత్తిరించడానికి కలకత్తా గడియాహాట్‌లో కొత్తగా తెరిచిన పార్లరుకి తీసుకెళ్లాను. తలుపు తీయగానే గుప్పున వాసన, జుట్టుకి ఉంగరాలు తిప్పే మందుది. ఆ ఘాటు నన్ను తిన్నగా నా చిన్నతనానికి, వాట్‌గంజ్‌లోని లీ ఆంటీ దగ్గరికి లాక్కుపోయింది. కళ్లు మండుతున్నా నవ్వొచ్చింది.

లీ ఆంటీ అంటే మా సందు మొదట్లో ఆడవాళ్లకి జుట్టు కత్తిరించే చీనా ఆవిడ. వాళ్ల తాత ఓడల్లో వడ్రంగి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవులో క్రేను నడిపేవాడు. అంటే మాకంటే ఆవిడే పాత కలకత్తా మనిషి. అయినా బజారుకి వెళితే ఆవిడ 'చీనీ', మేం 'మద్రాసీ'. మా వంశంలో మద్రాసు ముఖం చూసినవాళ్లు ఒక్కరూ లేరు, అది వేరే సంగతి! చుట్టూ మా వాళ్లే కాబట్టి ఆంటీకి తెలుగు, అదీ అచ్చం మా అమ్మ మాట్లాడే తెలుగు, పట్టుబడింది. "ఏటే పిల్లా, తల్లో ఈ కాకిగూడేటి?" అని ఆవిడ అరిస్తే, ఎవరు మాట్లాడారా అని కొత్తవాళ్లు చుట్టూ వెతుక్కునేవాళ్లు.

ఒకరోజు జుట్టు కత్తిరించుకుంటున్న పెద్దావిడ, అద్దంలో ఆంటీని చూస్తూ, "మీ దేశం ఎప్పుడెళ్లిపోతారు?" అని అడిగింది. కత్తెర ఆగింది. ఆంటీ ముఖంలో నవ్వు మాత్రం ఆగలేదు. "కేనో?" అంది. ఎందుకు, అని బెంగాలీలో. ఇంకో మాట లేదు. పెద్దావిడ, "అంటే... మీరు... ఊరికే అడిగానులే" అని నీళ్లు నమిలింది. అప్పుడు ఆంటీ, "రోజూ సాయంత్రం వెళ్తూనే ఉన్నాను దిదీ, ఈ వెనక సందే!" అని పకపకా నవ్వింది. చివరికి ఆవిడా నవ్వక తప్పలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి ఋతువుల నాట్యం పెట్టారు. వసంతం వేషం నాదేనని నా గట్టి నమ్మకం. క్లాసులో నా అంత బాగా ఆడేవాళ్లు లేరు, గొప్పలు కాదు, నిజం. డాన్సు నేర్పే శిఖా దిది మాత్రం నన్ను వెనక వరసలో మబ్బుని చేసింది. అటూ ఇటూ చూద్దును కదా, మబ్బులందరం నల్లపిల్లలమే! ఇంటికెళ్లి ఏడిస్తే అమ్మ, "మబ్బయితే ఏటే, వానొస్తాది" అని సర్దిచెప్పబోయింది. ఒళ్లు మండి ఆంటీ దగ్గరికి పరిగెత్తాను.

"నువ్వేటన్నావు?" అంది ఆంటీ, అంతా విని.

"ఏమీ అనలేదు."

"కేనో అని అడగవే. నవ్వుతా అడుగు. అడిగి ఊరుకోవే. నువ్వే మాటలందించేసినావంటే ఆళ్లు తప్పించుకుంటారు."

"కోప్పడితే?"

"పడనీ. ఆళ్ల మనసులో ఉన్నది ఆళ్లే పైకి అనాలి కదా! అనడానికి ఎవులికైనా సిగ్గేస్తాది."

మర్నాడు వెళ్లి, "దిదీ, నేను మబ్బెందుకు?" అని అడిగాను. "వసంతమంటే కాస్త..." అని శిఖా దిది ఆగిపోయింది. నా నాలుక దురద పెడుతోంది, అయినా బిగబట్టాను. ఆవిడ నన్ను చూసింది, నా వెనకున్న మబ్బుల్నీ చూసింది, ముఖం కందిపోయింది. "ఏదీ, ఒకసారి ఆడి చూపించు" అంది. నేల అదిరేలా ఆడాను. వసంతం నాదయింది! అది చూసి మిగిలిన మబ్బులు కూడా వరసగా వెళ్లి దిదిని అడగడం మొదలుపెట్టాయి. ఆ ఏడు గ్రీష్మం, శరత్తు కూడా నల్లగానే వచ్చాయి.

నాట్యం రోజున నా జడకి పూలు కట్టడానికి ఆంటీ వచ్చింది. శిఖా దిది గులాబీరంగు పౌడరు డబ్బా తెరిచి నా దగ్గరికి రాబోతూ ఆంటీని చూసింది. ఆంటీ పెదవి కదపలేదు, కనుబొమ్మలు మాత్రం ఎత్తింది. దిది టక్కున మూత పెట్టేసి, "మీరు కూడా అడక్కండి తల్లీ!" అంది. అందరం పగలబడి నవ్వాం. నా రంగుతోనే వేదికెక్కాను. ముందు వరసలో అమ్మ ఈల వేయడమొక్కటే తక్కువ.

ఆంటీ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గుర్తుకొస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మా అమ్మాయికి తెలుగు అక్షరాలు రావుగానీ ఆంటీ కథ మాత్రం కంఠతా వచ్చు.

నిన్న కత్తిరించడం అయ్యాక, పార్లరు అమ్మాయి నా వైపు తిరిగి, "పాప ముఖానికి తెల్లబడే పూత వేయమంటారా?" అని అడిగింది. నేను నోరు తెరిచాను. ఈలోగా కుర్చీలో కాళ్లూపుతూ కూర్చున్న మా అమ్మాయి, అద్దంలో ఆమెను చూసి నవ్వుతూ, "కేనో?" అంది.

అడిగి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.