పనిమనిషి గొంతు

గోదావరిఖని కంపెనీ క్లబ్బులో నేను మొదటి నాటకం వేసిననాడు మా బాపు పొద్దటి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నడుమ మైకు చెడిపోయింది. అయినా నా మాట చివరి వరుస దాకా వినబడిందట. "బొగ్గుబాయిల మిషన్లు మోగుతున్నా నీ గొంతు ఇనవడ్తది బిడ్డా" అన్నాడు. ఆ మాట పట్టుకునే హైదరాబాదు బస్సెక్కాను.

హైదరాబాదుకు నా మొహం నచ్చింది, గొంతు నచ్చలేదు. మొదటి సినిమాలో నాలుగు సీన్లు. డబ్బింగుకు పిలుస్తారని ఎదురుచూస్తుంటే నా బదులు ఇంకో అమ్మాయి చెప్పేసింది. "యాస తగులుతోందమ్మా, పెద్దింటి పాత్ర కదా" అన్నాడు డైరెక్టరు. పెద్దింటివాళ్లు మా వైపు పుట్టరు కాబోలు! ఒళ్లు మండింది. నోరు మూసుకున్నాను. అలా మూసుకునే పదిహేనేళ్లు నటించాను.

సినిమాలు తగ్గాక సీరియల్లో పడ్డాను. అందులో నేను బంగళా యజమానురాలిని. పట్టుచీర నాది, మాట వేరేవాళ్లది. ఆ ఇంటి పనిమనిషికి మాత్రం మా యాస పెట్టారు, జనం నవ్వాలని.

అప్పటికే బాపు రిటైరయ్యాడు, షుగరుతో రెండు కళ్లూ పోయాయి. అయినా సాయంత్రం ఏడు కాగానే టీవీ పెట్టించుకుని దగ్గరగా కుర్చీ జరుపుకునేవాడట. ఒకసారి సెలవు దొరికి ఇంటికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని నిమిరాడు.

"చేతులు గింత మెత్తగున్నయేంది? దినాం బొచ్చెలు తోముతవు గదనే!" అని నవ్వాడు.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు మాట్లాడుతుంటే మనింట్ల ఉన్నట్టే ఉంటది బిడ్డా. గా దొరసాని ఉన్నదే, దాని నోట్ల మన్నువడ! నిన్ను ఎంతగనం తిడ్తదో."

ఆ దొరసానిని నేనే. చెప్పబోతుంటే వెనక నుంచి అవ్వ, మా అమ్మ, చేతులు జోడించి వద్దని బతిమాలింది. తర్వాత వంటింట్లో అంది: "మొదటి దినమే జెప్పుదామనుకున్న. నా బిడ్డ గొంతు దొరికిందని గంత సంబురపడ్డడు. నాకు నోరు రాలేదే."

నాకూ రాలేదు. ఏదో ఒక పాత్రకు నా డబ్బింగు నేనే చెప్పుకుంటాను, ఆరోజు బాపుకు అసలు సంగతి చెప్తాను అనుకున్నాను. హైదరాబాదు వెళ్లగానే సీరియల్ డైరెక్టరును అడిగాను. "ఇప్పుడు గొంతు మారిస్తే జనం ఒప్పుకోరు" అన్నాడు.

పోయిన నెల కథ మలుపు తిప్పారు. పనిమనిషి మీద దొంగతనం మోపి, నేను ఆమె మెడ పట్టి గేటు బయటికి నెట్టాలి. ఒక్క టేకులో చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పనిమనిషి వేషం వేసిన పిల్లకు ఆరోజుతో పని అయిపోయింది.

అది టీవీలో వచ్చిన మూడో రోజు సాయంత్రం బాపు ఫోను చేయించాడు. నేను మేకప్ గదిలో ఉన్నాను.

"మూడు దినాలాయె, నీ మాట ఇనవడ్తలేదు. తీసేసిన్రా బిడ్డా?"

నేను అద్దంలోని దొరసాని నుంచి మొహం తిప్పుకున్నాను.

"మన మాట మాట్లాడినందుకేనా?"

"అవును బాపు" అన్నాను. అబద్ధం కాదు గదా అది.

"గా దొరసానే ఎల్లగొట్టింది. నేను ఇన్న."

"ఆమెనే బాపు."

"ఫికర్ జెయ్యకు. ఇంటికి రా. నీ గొంతుకేం తక్కువ?"

ఏడుపు ఆగలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఫోనులో ఆయన వెనక టీవీ వినబడుతోంది. అరువు గొంతుతో నేను ఎవరినో కసురుతున్నాను.

"ఇగ గా టీవీ బంద్ జెయ్యే" అని అవ్వకు చెప్పాడు బాపు. "నా బిడ్డ లేనిది నాకెందుకు?"

అవ్వ బంద్ చేసింది.