ఫాన్ తాత ఏనుగు తుపాకికి నిలిచిన స్కోపు

ఓచివరోంగో ఊరి దగ్గర వేటకొచ్చేవాళ్లకి దారి చూపే ఫాన్ తాతకి కంటిచూపు మందగించింది. తుపాకిమీద బిగించే దుర్బీను, అదే స్కోపు, లేనిదే గురి కుదరదు. ఏటా పెట్టే పరీక్షలో మూడు గుండ్లూ పళ్లెమంత చోట పడకపోతే లైసెన్సు ఊడుతుంది. ఏనుగుల్ని కొట్టే ఆయన పెద్ద తుపాకి పేలి వెనక్కి తన్నిందంటే మాత్రం, ఏ స్కోపుకైనా రెండో గుండుకే గురి తప్పేది. అలా మూడింటిని పారేశాడు.

పరీక్ష ముందురోజు నాలుగోది బిగిస్తూ, "అన్నీ గాజు పెంకులే! గట్టిది ఒక్కటీ పుట్టలేదా?" అని గొణిగాడు.

వేటలో జంతువుల అడుగుజాడలు పట్టే కవేటో నవ్వాడు. "నువ్వు పారేసినదాంతోనే నేను మేకల్ని చూసుకుంటున్నా తాతా. ఆ కొండమీది మేక గడ్డం కూడా కనిపిస్తుంది. దానికేం రోగం?"

తాత భార్య హెట్టీ వచ్చి స్కోపుని తుపాకికి పట్టి ఉంచే పట్టీల స్క్రూ తడిమింది. వేలు జిడ్డయింది.

"ముసలాయనా, దీనికీ నూనె పోశావా?"

"స్క్రూ అన్నాక పొయ్యొద్దూ? గాలిమరకి పోస్తున్నా, గేటుకి పోస్తున్నా..."

"అవి కదలాలి. ఇది కదలకూడదు! అందుకే ప్రతి దెబ్బకీ జారుతోంది."

జిడ్డు వదలగొట్టడానికి ఆవిడ ఆయన దాచుకున్న పీచ్ పళ్ల సారా తెచ్చింది. ఒక్కో స్క్రూ కడుగుతుంటే తాత మొహం పాలిపోయింది.

"లైసెన్సు కావాలా, సారా కావాలా?"

తాత సీసా వైపు చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పరీక్షలో మూడు గుండ్లూ పళ్లెమంత చోటే పడ్డాయి. తాత రొమ్ము విరుచుకున్నాడు. "చూశావా కవేటో? నాలుగోది మంచి స్కోపని ముందే చెప్పానా!"

 కవేటో తాత పారేసిన మొదటి స్కోపు కంటికి పెట్టుకుని మేకల్ని లెక్కపెట్టుకున్నాడు.