నేను తీసి పక్కన పెట్టిన గుర్రం

ఒక మంత్రి, రెండు ఏనుగులు, ఒక శకటు, ఆరు బంట్లు. పాయింట్లలో లెక్కిస్తే ఇరవై ఎనిమిది. పోయిన ఏడాది ఒక ఆదివారం, బాన్సువాడలో మా చదరంగం మిత్రులందరి ముందు నేను పోగొట్టుకున్నవి ఇవి.

జిల్లా పోటీకి వెళ్లే మా జట్టులో ఒక్క స్థానమే మిగిలింది. నన్ను ఓడిస్తే అది బీర్కూర్ నుంచి బస్సులో వచ్చిన నస్రీన్‌ది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లతో ఆడేటప్పుడు, మర్యాద అనుకుని, నా గుర్రం ఒకటి తీసేసి ఆడటం నా అలవాటు. ఆ రోజూ తీశాను.

“అన్నా, గుర్రం మళ్ల పెట్టుండ్రి,” అంది.

“ఏం కాదు చెల్లె, నీ మంచికే.”

“గిట్ల గెలిస్తే, అన్న ఇడిచిపెట్టిండు అంటరు. జట్టుల నా పేరు రాస్తరా?”

మెచ్చుకుంటుందనుకున్న నాకు కోపం వచ్చింది. గుర్రాన్ని పెట్టి, తొందరగా ఓడించాలని దూకాను. పదిహేనో ఎత్తులో మంత్రిని పోగొట్టుకున్నాను. మిత్రులంతా లేచి మా చుట్టూ మూగారు.

“ఏందన్నా, లెక్క తప్పిందా?” అని ఒకరు నవ్వారు.

తల వంచుకుని ఆట కొనసాగించాను. అయినా ఆమె ఎత్తులు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. అంత గొప్ప ఆట నా ఎదురుగా ఎవరూ ఆడలేదు! చివరికి ఆమె షా చెప్పేసరికి నా రాజుకు కదలడానికి ఒక్క గడి కూడా మిగల్లేదు; ఆట కట్టు.

పావులు సర్దుతూ నస్రీన్ అడిగింది: “నాకంటే ముందు ఎంతమందికి గిట్ల గుర్రం తీసిండ్రు?”

లెక్కపెట్టాను. ముగ్గురికి. వాళ్లలో ఒక్కరూ రెండో ఆదివారం రాలేదు. ఆడవాళ్లకు ఆసక్తి ఉండదని ఇన్నాళ్లూ అందరికీ చెప్పింది నేనే.

నస్రీన్‌కు అక్కడే క్షమాపణ చెప్పాను. ఇంకా మూడు చెప్పాల్సి ఉంది.