గొంగడి కింద లాప్‌టాప్

మా అత్తమ్మ నా ఉద్యోగాన్ని నాకంటే ఎక్కువ భక్తితో చేసింది. జీతం నేను తీసుకునేదాన్ని, కాపలా ఆమె కాసేది. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఆఫీసు మూతపడితే కంపెనీ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మర్రిగూడ దగ్గరి మా అత్తగారి ఊరికి వచ్చేశాను. ఆఫీసు మళ్లీ తెరిచాక కూడా ఇంటి నుంచే చేసుకుంటానని బతిమాలితే మేనేజర్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. మీటింగ్ మధ్యలో మాయం కాకూడదు. సిగ్నల్ లేక అప్పటికే ఓసారి మాయమయ్యాను. ఇంకోసారి అయితే మూటాముల్లె సర్దుకుని సిటీకి రావాల్సిందే. మా ఆయనకు, మామకు గొర్లూ పత్తిచేనూ ఇక్కడే. పోతే నేనొక్కదాన్నే పోవాలి, లేదంటే ఉద్యోగం మానేయాలి.

మానేయడమే మేలని చుట్టాలంతా తీర్పు చెప్పారు. అత్తమ్మ ఒక్కతే ఎదురు తిరిగింది.

"నా తల్లిగారు ఇచ్చిన గొర్లను నేను కాపురానికొచ్చిననాడే మీ మామ మందల కలిపిండ్రు. మల్ల గవి నాయి అని ఒక్కనాడు అననియ్యలే. నీ చేతిలున్నది నువ్వు ఇడ్వకు బిడ్డా" అంది.

ఆ మాట అని ఊరుకుంటే బాగుండేది. లాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టే బాధ్యత కూడా నెత్తికెత్తుకుంది. నా కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

మా వైపు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగితే ఎముకలు వంకర్లు పోతాయి. అందుకని మంచినీళ్లు దొరికిన పూట ఇంట్లో ఉన్న బిందెలు, గిన్నెలు, చెంబులు అన్నీ అంచుదాకా నింపి పెట్టుకున్న తరం ఆమెది. కరెంటూ అంతే, ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఇప్పుడు నల్లా ఇంట్లోకి వచ్చింది, కరెంటు రోజంతా ఉంటోంది. ఆమెకు మాత్రం రెండింటి మీదా పైసంత నమ్మకం లేదు.

నేను ఎనభై శాతం దగ్గర వైరు పీకేదాన్ని. పక్కకు తిరగ్గానే ఆమె మళ్లీ గుచ్చేది.

"ఎప్పటికీ నిండ ఉంచితే బ్యాటరీ ఖరాబైతది అత్తమ్మా. ఇరవైకి దిగినంక పెట్టాలె, ఎనభైకి తియ్యాలె."

"నిండని బిందెను నల్లా కిందికెల్లి ఎవలన్న తీస్తరా?"

"గది బిందె కాదు."

"నింపేది ఏదైనా బిందెనే."

నా ఇంజనీరింగ్ చదువును పక్కన పెట్టి వైరు మళ్లీ పీకాను. మా ఆయనను పంచాయితీకి పిలిస్తే ఇద్దరి మాటా నిజమేనన్నాడు. మా ఇద్దరి మధ్య అతను క్షేమంగా ఉండడానికి ఆ తెలివే కారణం. పక్కింట్లో వరుసకు మరిది ఒకడున్నాడు, డిగ్రీ చదివాడు. "పూర్తిగ సచ్చేదాక వాడాలె వదినా, గప్పుడే మల్ల పెట్టాలె" అని ఉపదేశం చేసి, చచ్చిన తన ఫోన్‌ను మా ఇంట్లోనే చార్జింగ్‌కు పెట్టి పోయేవాడు.

అంతలో ఎండాకాలం వచ్చింది. దుమ్ము పడుతుందని, నేను అన్నానికి లేచినప్పుడల్లా అత్తమ్మ లాప్‌టాప్‌ను వైరుతో సహా మామ గొంగడిలో చుట్టి పెట్టేది. ఆ ఇంట్లో గొంగడికి చేతకాని పని లేదు. వానకు అదే, చలికి అదే, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను చుట్టేదీ అదే. బయట మండే ఎండ, లోపల ఉన్ని మూట, మూటలో చార్జింగ్. నేను వచ్చి విప్పేసరికి పెనం మీద చెయ్యి పెట్టినట్టుండేది. వేడి తగిలితే బ్యాటరీ చస్తుందని మొత్తుకున్నాను.

"గొంగడి ఎండను ఆపుతది గని తెస్తదా?" అనేది.

మంద వెంట తిరిగే మామ విషయంలో అది నిజమే. లాప్‌టాప్ మేతకు పోదు కదా అంటే వినిపించుకునేది కాదు.

ఒకరోజు మూట విప్పితే లాప్‌టాప్ ఉబ్బి ఉంది. కీబోర్డు పైకి లేచింది, మూత పడడం లేదు. అత్తమ్మ మొహం వెలిగిపోయింది.

"సూడు, ఎంత మంచిగ నిండిందో!"

మామ వంగి, పశువుల డాక్టరులా అటూ ఇటూ చూశాడు. "గిది కడుపుబ్బరం. పచ్చిమేత ఎక్కువ తిన్న గొర్రెకు గిట్లనే అయితది. జర నూనె తాపితే దిగుతది" అని వంటింటి వైపు చూశాడు.

నేను వైరు పీకేసి, వాళ్లిద్దరికీ అందకుండా దాన్ని వాకిట్లో నీడన బండ మీద పెట్టి కాపలా కూర్చున్నాను. మర్నాడు మా ఆయన బండి మీద నల్గొండ తీసుకుపోతే, రిపేరు దుకాణం అతను చూసి ఓ అడుగు వెనక్కి వేశాడు. బ్యాటరీ తీసేసి, కొత్తది తెప్పించాలని, అందాకా కరెంటు మీదే నడుపుకోమని చెప్పాడు. "పరుపు మీద పెట్టి చార్జ్ చేసిండ్రా మేడం?" అని అడిగాడు. గొంగడి సంగతి నేను చెప్పలేదు. అత్తింటి పరువు కూడా చూడాలి.

ఇక కరెంటు పోతే నేనూ పోయినట్టే. రివ్యూ మీటింగ్ నాడు ఆ గండం రానే వచ్చింది. నేను చేసిన పని గురించి మేనేజర్‌కు చెబుతుండగా గాలిదుమారం లేచింది, ఊరంతా కరెంటు పోయింది, స్క్రీన్ నల్లబడింది. ఇన్నాళ్లూ అత్తమ్మ ఏ గడియ కోసమైతే నింపుతూ వచ్చిందో ఆ గడియ వచ్చేసరికి బ్యాటరీయే లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నీ గొంగడే నా నౌకరి తీసింది" అనేశాను.

ఆమె గొంగడిని చుట్టి మూలకు నెట్టేసింది.

అంతలో ఫోన్ మోగింది. మేనేజర్. సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చేయమన్నాడు. బ్యాటరీ సంగతి చెప్పబోతే, "రోజుకో కారణం వినడం నా పని కాదమ్మా" అన్నాడు. స్పీకర్‌లో ఆ మాట విన్న అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది.

"సారూ, పిల్లదాని తప్పు లేదు. తియ్యి తియ్యి అని మొత్తుకుంది, నేనే ఇనలే. గొంగడి కప్పింది నేను. చార్జింగు డూటీ నాది. తీసేసేదుంటె నన్ను తీసెయ్యుండ్రి, గామెను ఉంచుండ్రి."



"మీరెవరమ్మా?"

"ఆమె అత్తను సారూ."

అతను, సోమవారం రానక్కర్లేదు, కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఫోన్‌లోనే మీటింగ్‌లకు రమ్మనండి అని నాకు కాదు, ఆమెకు చెప్పి పెట్టేశాడు.

ఆమె ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది.

"నిన్ను ఉంచిండా?" అంది.

"ఉంచిండు."

ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుంది. చిన్న గొంతుతో, "మరి నన్ను తీసేసినట్టేనా?" అని అడిగింది.

హాస్యానికి కాదు, నిజంగానే అడుగుతోంది. ఆమె చేతులు గట్టిగా పట్టుకుని, లేదు అత్తమ్మా, ఇద్దరినీ ఉంచిండు అని చెప్పాను.