రెండు వేళ్ల సందు

ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే బస్సులో, నా పక్కన కూర్చున్న ముసలమ్మ అడగకుండానే నా మోకాలి చుట్టూ నూలు తాడు చుట్టి ముడి వేసింది.

"మా గుర్రం మూతి గింతే ఉంటది బిడ్డా, కదలకు" అంది. తాడు కింద రెండు వేళ్లు దూర్చి చూసింది. అవి సులువుగా కదిలితేనే ముడి సరిగ్గా పడ్డట్టట. బిగిస్తే ఊపిరి అందదట.

పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి ఇచ్చి బతుకుతుందామె. నోట్లో ఇనుప కళ్లెం పెడితేనే గుర్రాన్ని తెమ్మన్నారట ఓ పెళ్లివారు. ఆమె బజారుకు పోయింది గానీ ఇనుము కొనలేదు, దాని బదులు మూతికి కట్టేందుకు ఈ కొత్త తాడు కొనుక్కుంది.

"గుర్రం వద్దంటే వాళ్లను మాననీ. గుర్రం నాదే గని, దాని నోరు నాది కాదు."

టికెట్లు కొడుతున్న కండక్టర్ నవ్వాడు. "నోట్ల ఇనుము లేకుంటే అదెట్ల ఆగుతదవ్వా?"

"నువ్వు హోల్డానంటే డ్రైవర్ ఆపుతలేడా? ఆయన నోట్ల ఏం పెట్టినవ్?"

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. సెల్‌ఫోన్ ఉన్నా చేతికి గడియారం పెట్టుకునే రోజులవి. నా గడియారం పట్టీ కింద వేళ్లు దూర్చబోయింది. ఒక్కటి కూడా పట్టలేదు.

"గిది ఎవలు కట్టిండ్రు నీకు?"

"నేనే కట్టుకున్న."

ఆమె ముడి విప్పకుండానే తాడును నా కాలి మీంచి జార్చి తీసింది. దాన్ని భుజాన వేసుకుని, అడవి మొదలయ్యే చోట దిగిపోయింది.

నేను పట్టీని ఒక చిల్లు వదులు చేసుకున్నాను. ఇప్పటికీ గడియారం జారుతోందని ఎవరైనా చెబితే, జారనీ అంటాను.