గుర్రం దిగిన దొర

మాణిక్యాంబ టీచరు హాజరు పిలిస్తే కాలువలో బాతులు కూడా పలికేవని మా ఊళ్ళో చెప్పుకునేవారు. నమ్మకండి. నేను విన్నది ఒక్క బాతునే. అదీ తన నంబరుకి కాకుండా పక్కవాడి నంబరుకి పలికింది.

ఆవిడది నరసాపురం. తల్లి లేసు అల్లి, కళ్ళు పాడుచేసుకుని, కూతుర్ని బి.ఇడి. దాకా చదివించింది. మా ఊరు కాలువకి చిట్టచివర ఉంటుంది. ఎగువ ఊరి పొలాలు తడిశాక ఏమైనా మిగిలితే అవే మా శివారుకి నీళ్ళు. రెండు ఊళ్ళకీ మధ్య, లాకుల పక్కన, మా ఎయిడెడ్ హైస్కూలు. మాణిక్యాంబ అందులో సోషల్ టీచరుగా చేరి, తల నెరవడం మొదలైనా టెంపరరీగానే ఉండిపోయింది. పర్మనెంటు కావాలంటే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చి ఆవిడ పాఠం విని రాయాలి. ఒకసారి కాలువకి గండి పడి రాలేదు. ఇంకోసారి వచ్చినాయన భోజనం చేసి పడుకుని, లేచి వెళ్ళిపోయారు. తొంభై ఆరులో మళ్ళీ వస్తున్నారని కబురొచ్చింది. ఈసారి కూడా తప్పితే ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తారని హెడ్మాస్టరు శివరామకృష్ణ గారు ముందే చెప్పేశారు.

ఇన్‌స్పెక్టరు వచ్చే వారానికి పడిన పాఠం అబ్రహాం లింకన్.

మొదటిరోజే చిక్కొచ్చింది. ఆయన యుద్ధకాలంలో అమెరికా అధ్యక్షుడని చెప్పగానే, చేపలు పట్టేవాళ్ళ పిల్ల తలుపులమ్మ లేచి ఎవరితో యుద్ధమని అడిగింది. వాళ్ళ దేశంలో వాళ్ళతోనే, చివరికి ఆయన వైపే గెలిచారని టీచరు చెప్పింది.

"మరి గెలిచారంటారేంటండీ? ఇంట్లోవాళ్ళని కొట్టి గెలిచామంటారా ఎవరైనా?"

ఆ ప్రశ్న పట్టుకుని టీచరు సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చింది. నేను కాన్వెంటులో చదివానని ఊళ్ళో పేరు కదా, అమెరికా సంగతులన్నీ నా దగ్గర ఉంటాయనుకుంది. ఉన్నమాటే చెప్పాను. లింకన్ ఉపన్యాసం మదర్ మా చేత బట్టీ పట్టించేది, తప్పితే మోకాళ్ళ మీద నిలబెట్టేది. అందుకని ఆ ఉపన్యాసం ఇప్పటికీ నా మోకాళ్ళకే వచ్చు, అర్థం వాటికీ తెలియదు. ఆవిడ నవ్వలేదు.

"పిల్లలకి కాదు బాబాయ్ గారూ, ముందు నాకే అర్థం కావడం లేదు. అర్థం కానిది ఆయన ముందు ఎలా చెప్పను?"

తెల్లవారేసరికి దారి తనే వెతుక్కుంది. అది దాళ్వా, రెండో పంట రోజులు. కాలువలో నీళ్ళు తక్కువ, వంతులవారీగా వదులుతున్నారు. మా వంతు రోజున ఎగువ వాళ్ళు తమ తూము తలుపు దించి నీళ్ళు కిందికి రానివ్వలేదు. మా ఊళ్ళో నారు ఎర్రబడుతోంది. అందుకని ఆవిడ కాలువతో మొదలుపెట్టింది. ఇది ఒకటే కాలువ. ఎగువ వాళ్ళు, మా కాలువ మాదే, మీతో మాకు పొత్తు లేదు అన్నారనుకోండి. కాదు, కాలువ ఒకటే, విడదీయడానికి వీల్లేదు అన్నాడు లింకన్.

క్లాసు మొత్తానికి అర్థమైంది. అదే కొంప ముంచింది. ఎగువ ఊరి పిల్లలు లేచి కిటికీ వైపు కూర్చున్నారు, మావాళ్ళు గుమ్మం వైపు. బానిసల సంగతి వచ్చేసరికి, మనుషుల్ని ఎడ్లలాగా సంతలో కొనేవారని టీచరు చెబితే, అందరూ కిటికీ వైపు చూశారు. ఎగువ ఊరి మోతుబరి కొడుకు వెంకటరాజుకి కళ్ళనీళ్ళొచ్చాయి.

"మేం ఎవర్నీ కొనలేదండి," అన్నాడు.

అది మీ సంగతి కాదురా, అమెరికా సంగతి అని ఆవిడ ఎంత చెప్పినా లాభం లేకపోయింది. తనకీ అనుమానం పట్టుకుంది, ఇంతకీ ఇప్పుడు తాను చెబుతున్నది అమెరికానా, కాలువా అని.

పాఠం కోసం ఆవిడ ఒక బొమ్మ కూడా తయారుచేసింది. పుస్తకంలో ఉన్న వేలెడంత ఫోటోని నరసాపురంలో జిరాక్సు తీయించి, పెద్దది చేయించి, అట్టకి అంటించి గోడకి తగిలించింది. జిరాక్సు నల్లగా వచ్చింది. ముఖం పోయి, పొడుగాటి టోపీ, గడ్డం, కోటు మిగిలాయి.

టోపీ పెట్టుకున్న దొర అంటే మా డెల్టాలో ఒక్కడే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. లాకుల దగ్గర గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. నీళ్ళు ఆలస్యమైతే దానికి దండ వేసి కొబ్బరికాయ కొట్టడం మావాళ్ళకి అలవాటు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళి, స్కూల్లో దొర బొమ్మ పెట్టారని, ఆయన ఎగువ వాళ్ళమీద గెలిచాడని చెప్పారు. ఇక చెప్పాలా.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు పొద్దున్నే మా శివారు రైతులు దండతో, కొబ్బరికాయలతో స్కూలుకి వచ్చారు. ముందు ముసలయ్య. బొమ్మని కాసేపు చూసి, గుర్రం ఏదని అడిగాడు. దిగాడులే అని వెనక ఎవరో అన్నారు. ఆ మాట సరిపోయింది. టీచరు వచ్చేసరికి లింకన్‌కి బంతిపూల దండ, నుదుట పసుపు, కింద కొబ్బరినీళ్ళు. అదే సమయానికి ఎగువ రైతులు, మేం మనుషుల్ని కొన్నామని మా పిల్లలతో చెబుతారా అని తగువుకి వచ్చారు. రెండు ఊళ్ళూ వరండాలో ఎదురుబొదురుగా నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడు జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టరు గారు పెద్దాపురం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చారు. పసుపూ దండా చూసి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. ఇదంతా ఏంటని అడిగితే శివరామకృష్ణ గారు గొడవ చల్లార్చాలని కాటన్ దొర జయంతి అనేశారు. జయంతి వేసవిలో కదా అని నాకు అనుమానం వచ్చింది గాని, స్కూలు కమిటీ మెంబర్ని, నోరు మూసుకున్నాను.

ఆయన టీచరు వైపు తిరిగి, "అయితే ఇవాళ కాటన్ దొర పాఠమా అమ్మా?" అన్నారు.

అవునంటే ఏ గొడవా లేదు. దండ వేసినవాళ్ళు సంతోషిస్తారు, హెడ్మాస్టరు మాట నిలబడుతుంది, ఉద్యోగం వస్తుంది. వరండా అంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది. ఆవిడ హెడ్మాస్టరు ముఖం చూసింది, పిల్లల్ని చూసింది.

"కాదండి," అంది మెల్లిగా. "ఈయన లింకన్ గారు. మన నీళ్ళకీ ఈయనకీ ఏమీ సంబంధం లేదు. నేను కాలువతో పోల్చి చెప్పాను, వీళ్ళంతా పొరబడ్డారు."

ముసలయ్య ముందుకొచ్చాడు.

"అయితే దండ తీసేయమంటావా అమ్మా?"

టీచరు బొమ్మని చూసింది. "ఉండనీ తాతా. ఈయనా దండ వేయదగ్గ మనిషే."

ఇన్‌స్పెక్టరు గారికి ఏమీ అర్థం కాలేదని ముఖమే చెబుతోంది. ఈయన చేసిందేంటని తలుపులమ్మని అడిగారు. మనుషుల్ని అమ్మకూడదు, కొనకూడదు అన్నారని చెప్పింది. వెంకటరాజు లేచి, విడిపోతామన్నవాళ్ళని కూడా కలిపే ఉంచారండి, చివరికి ఆయన్ని కాల్చి చంపేశారండి అన్నాడు. అంత మంచిపని చేస్తే ఆయన్ని ఎందుకు చంపారని ఇన్‌స్పెక్టరు గారు అడిగితే పిల్లలు అందరూ టీచరుని చూశారు.

"పుస్తకంలో ఏముందో చెప్పగలనండి. కానీ నాకు మటుకు ఇప్పటికీ అంతుపట్టలేదు," అంది ఆవిడ.

ఈలోగా వరండాలో రైతులు, కొత్త ఆఫీసరు ముందు పరువు తక్కువని, గొంతులు తగ్గించి వంతుల సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కుర్చీలు కూడా తెప్పించుకున్నారు.

వెళ్ళేముందు ఇన్‌స్పెక్టరు గారికి కాఫీ, పూతరేకులు పెట్టాం. ఆయన తృప్తిగా తిని, "కాటన్ దొర గురించి ఇంత బాగా చెప్పినవాళ్ళని నేను చూడలేదండి. ఆవిడని పర్మనెంటు చేయమని రాస్తున్నాను," అన్నారు.

టీచరు ఒక అడుగు ముందుకేసింది. "సార్, ఆయన లింకన్..."

"అవునవును, లింకన్ దొరే," అన్నారాయన. నేను ఇంకో పూతరేకు ఆయన చేతిలో పెట్టి జీపు ఎక్కించాను.

మర్నాడు ఎగువ వాళ్ళు తూము దించారు. మా శివారుకి నీళ్ళొచ్చాయి. చేపలు కూడా మెట్లెక్కి స్కూలు చూసి వెళ్ళాయని నేను చెబితే ఎవరూ నమ్మరు గనక ఆ సంగతి వదిలేస్తాను. వేసవి సెలవుల్లో ఆవిడకి ఆర్డరు వచ్చింది. తల్లి కాగితం చదవలేక చేత్తో తడిమి చూసిందట.

ఆవిడ రిటైరయ్యేదాకా ఆ బొమ్మ ఆ గోడమీదే ఉంది. ప్రతి దాళ్వాకీ ముసలయ్య దండ తెచ్చేవాడు, ప్రతిసారీ అదే అడిగేవాడు.

"ఈ దొరకీ మన నీళ్ళకీ సంబంధం లేదంటావు?"

"లేదు తాతా."

"మరి ఆ యేడు ఎలా వచ్చాయి?"

ఆవిడ సుద్దముక్క పట్టుకుని ఆలోచిస్తూ నిలబడేది. చివరికి స్టూలు తెచ్చి, బొమ్మకి అందేలా అతని ముందు వేసేది.